నేను ఉప్పు చేసిన నుయ్యి

రిటైరైన ఇంజనీరును ఎవరూ ఊరికే పిలవరు. పోయిన నెలలో రాజమండ్రిలో, నీటి సరఫరా పనుల్లో కొత్తగా చేరిన పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారంటే అది నా తెలివితేటలు చూసి కాదు. అండమాన్‌లోనూ లక్షద్వీప్‌లోనూ, రెండుచోట్లా పనిచేసి, ఇంకా మెట్లెక్కగలిగినవాణ్ని నేనొక్కణ్నే వాళ్లకి దొరికాను. శాలువా కప్పారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "సర్, రెండూ దీవులే కదండీ, రెండూ కేంద్రం కిందవే కదండీ, మరి తేడా ఏంటండీ?" అని అడిగింది.

మ్యాపులో ఉన్నదంతా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే సిగ్గేసింది. ఆ తేడా సరిగ్గా తెలియకే కదా నేనొక మంచినీళ్ల నూతిని పాడుచేశాను. ఆ ముక్క మాత్రం మింగేసి వచ్చాను. అమ్మాయ్, ఆ రోజు నీకు చెప్పాల్సిన జవాబు ఇది. కాస్త పొడుగు, ఓపికుంటే చదువు.

మాది గోదావరి మధ్యలో ఒక లంక. ఎండాకాలం ఏరు దూరం జరిగితే మా అమ్మ ఇసకలో చేత్తో చెలమ తీసేది. జానెడు తీస్తే ఊట కనపడేది, ఇంకో జానెడు తీస్తే చెంబు మునిగేది. నీళ్లు చాలకపోతే ఇంకాస్త తవ్వు. అఆల కంటే ముందు నాకు వచ్చిన చదువు అదే. తరవాత కాకినాడలో డిప్లొమా చదివి, కేంద్ర ప్రభుత్వంలో కొలువు సంపాదించి, జుట్టు నెరిసేదాకా తిరిగినా ఆ మొదటి పాఠం మీద నమ్మకం పోలేదు.

అండమాన్‌కి నడివయసులో వెళ్లాను. విశాఖలో ఓడెక్కితే మూడోరోజుకి పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడు దాని పేరు మార్చారు కాని నా నోటికి పాతదే వస్తుంది. వాంతులతో వడిలిపోయి రేవులో దిగానో లేదో, "ఏ ఊరండీ మనది?" అని పక్కనించి తెలుగు వినపడింది. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్లు, అందరూ కలిసి తమకి తోచిన హిందీ మాట్లాడుకునే ఊరది. దేశం నలుమూలల నుంచీ తలా పిడికెడు మనుషుల్ని తెచ్చి పోసినట్టుంటుంది. ఆ దీవులు నిజానికి సముద్రంలో మునిగిన కొండల కొసలు. అంచేత కొండలున్నాయి, అడవులున్నాయి, వాగులున్నాయి. వాన పడితే నీళ్లు మీదనించి కిందికి వస్తాయి. ఉత్తర్వులూ అంతే. మీద లెఫ్టినెంట్ గవర్నరు, ఆయన కింద సెక్రటేరియట్, దాని కింద జిల్లాలు, కలెక్టర్లు. శాసనసభ లేదు. ఢిల్లీలో ఒకే ఒక్క ఎంపీ. పంచాయతీలున్నా, చెట్టు మీద చెయ్యి వెయ్యాలంటే మాత్రం అడవి శాఖ కాగితం రావాల్సిందే. ఒక్క చెట్టు కొట్టి గొట్టం వేసుకోవడానికి ఏడాదిన్నర తిరిగాను. చివరికి చెట్టు తనంతట తనే గాలివానకి పడిపోయింది. అనుమతి ఆ తర్వాతి వారం వచ్చింది.

అక్కడే నాకు మంచిపేరు వచ్చింది, కొంప ముంచింది కూడా ఆ పేరే. కొండ దిగువన ఒక ఊళ్లో నుయ్యి మార్చికల్లా ఎండిపోయేది. నేను వెళ్లి ఇంకో నాలుగడుగులు దించమన్నాను. కొండలోంచి దిగే ఊట తగిలి ఆ యేడు వేసవంతా నీళ్లు ఉన్నాయి. మా పెద్ద ఇంజనీరు, ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన బెంగాలీ ఆయన, నా వీపు చరిచి, "గోదావరివాడికి నీళ్ల వాసన తెలుస్తుందయ్యా" అన్నాడు హిందీలో. ఆ మాట నేను మా ఆవిడకి ఫోన్లో చెప్పాను, బావమరిదికి చెప్పాను, బస్సులో పక్కవాడికి కూడా చెప్పాను. పొగడ్త తలకెక్కితే దిగడం కష్టం.

లక్షద్వీప్‌కి రిటైర్మెంటుకి రెండేళ్లు ఉండగా వేశారు. మా ఆవిడ మోకాళ్లు ఓడ మెట్లకి ఒప్పుకోలేదు, రాజమండ్రిలోనే ఉండిపోయింది. కొచ్చిలో ఓడెక్కి తెల్లారి లేచి చూస్తే, నీళ్ల మీద పచ్చటి గీత. అదే దీవి. కొండ లేదు, వాగు లేదు, నల్లరాయి లేదు. పగడపు ఇసక మీద కొబ్బరిచెట్లు, చుట్టూ లేతరంగు మడుగు, దాని చుట్టూ కెరటాలు విరిగే పగడాల గోడ. సైకిలెక్కి ఈ కొసనించి ఆ కొసకి పోవడానికి పావుగంట చాలు. చేతి గడియారం మనదే. దేశం మొత్తానికి టైము చెప్పే గీత మన కాకినాడ పక్కనించే పోతుంది కదా. అదే గడియారంతో అండమాన్‌లో ఐదుకి ముందే తెల్లారేది, ఐదున్నరకే చీకటి పడేది. ఇక్కడేమో ఆరున్నరకి కూడా సూర్యుడు తీరిగ్గా లేచేవాడు. ఒకే గడియారం ఎంత దూరం లాగి కట్టారో అక్కడే అర్థమైంది.

కాగితం మీద ఇక్కడి పాలనా దాదాపు అంతే. గవర్నరు బదులు అడ్మినిస్ట్రేటరు, కవరత్తిలో ఆఫీసులు, దీవికొక అధికారి, శాసనసభ లేదు, ఎంపీ ఒక్కడే. బయటివాడు దిగాలంటే పర్మిట్ కావాలి. అండమాన్‌లో నేను అందరిలో ఒకణ్ని, ఇక్కడ ఊరంతటికీ నేనొక్కణ్నే బయటివాణ్ని. రెండుచోట్లా నిజమైన ప్రభుత్వం మాత్రం ఓడ. అది వస్తే కూరగాయలొస్తాయి, ఉత్తరాలొస్తాయి, ఆఫీసర్లొస్తారు. అది రాకపోతే అందరం సమానమే.

ఇక్కడ ఈ ప్రభుత్వం కింద ఇంకో ప్రభుత్వం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదు.

బడి పిల్లలకీ, బడి ఉన్న సందులోని ఇళ్లకీ కొళాయిలు ఇవ్వాలని ఒక చిన్న పథకం అప్పటికే మంజూరై ఉంది. దగ్గర్లోని పెద్ద ఉమ్మడి ఇంటి నూతికి చిన్న మోటారు బిగించి రోజుకి రెండు గంటలు నడపాలి. నూతి లోతు ఉన్నదున్నట్టే ఉంచాలని కాగితంలో స్పష్టంగా ఉంది. కారణం ఉంది. ఆ దీవిలో పడిన వాన ఇసకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటుంది, పాలమీద మీగడలాగ. పైపైన తీసుకుంటే మీగడ వస్తుంది. గరిటె లోపలికి దించితే పాలే వస్తాయి. ఈ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. ట్రైనింగులో చెప్పారు, పరీక్ష రాసి పాసయ్యాను కూడా. కాని పరీక్షలో రాసింది ఒకటి, మా అమ్మ చెలమ తీస్తుంటే చూసింది ఇంకొకటి.

ఇంటివాళ్ల ఒప్పుదల కాగితం కోసం వెళ్లాను. అరుగుమీద ఒక పెద్దాయన, ఓడల్లో పనిచేసి వచ్చినవాడు, హిందీ బాగా మాట్లాడేవాడు. అంతా విని, "అక్కనడగాలి సార్" అన్నాడు.

మన గోదావరి జిల్లాల్లో మగవాడు "ఇంట్లో అడిగి చెబుతానండి" అన్నాడంటే అర్థం ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇష్టం లేదు, మొహంమీద కాదనలేక అంటున్నాడు, ఇంకో రెండుసార్లు తిరిగితే మెత్తబడతాడు. నేనూ అలాగే లెక్కేసుకున్నాను. రెండుసార్లు కాదు, మూడుసార్లు వెళ్లాను. పిల్లల దాహం గురించి చెప్పాను. పాపం, మర్యాదస్తుడు. మూడోసారి సంతకం పెట్టేశాడు. పెట్టాక కూడా, "అక్కకి చెప్పండి సార్" అన్నాడు.

ఆ అక్కని ఊరంతా ఉమ్మ అనేవారు, వాళ్ల భాషలో అమ్మ అని. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. పొద్దున్నే మొదటి చేద తోడి, దోసిట్లో పోసుకుని రుచి చూసి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లని ముట్టుకోనిచ్చేది. మోటారు బిగిస్తుంటే వచ్చి నూతిలోకి ఒకసారి, నావైపు ఒకసారి చూసి ఏదో అంది. తమ్ముడు, అదే ఆ అరుగుమీది పెద్దాయన, తర్జుమా చేశాడు: "రోజుకి ఎంత ఇవ్వాలో ఈ నూతికి తెలుసంట సార్. అంతకంటే ఎక్కువ అడగొద్దంటోంది."

"అలాగేనమ్మా" అన్నాను. మన అలాగేలో ఎంత ఉంటుందో అంతే ఉంది అందులో.

మార్చి వచ్చింది. రెండు గంటలు నడిపితే ట్యాంకు సగమే నిండుతోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, ఇద్దరు మనుషుల్ని పెట్టి రెండడుగులు లోతు చేయించాను. మోటారు నాలుగు గంటలు నడపమన్నాను. ట్యాంకు పొంగింది. బళ్లో కొళాయి తిప్పితే పిల్లలు కేరింతలు. ఫొటో తీసి మా ఆవిడకి పంపితే, "మన కాలవలాగ పారుతోందండీ!" అంది. నీళ్ల వాసన తెలిసిన గోదావరివాణ్ని కదా, ఆ పూట రెండు చేపముక్కలు ఎక్కువ తిన్నాను.

మూడోవారం ఒక పొద్దున్న ఉమ్మ దోసిట్లో నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. తమ్ముడు పరుగున ఆఫీసుకొచ్చాడు. నేనూ తాగి చూశాను, నాకేం తేడా తెలియలేదు. "పెద్దావిడ కదా, భ్రమయ్యుంటుంది" అన్నాను. ఉప్పు కొలిచే మీటరు ముంచితే అది ఉమ్మ పక్షానే మాట్లాడింది. ఇంకో పదిరోజులకి నా మొద్దునాలుక్కి కూడా తెలిసిపోయింది. మోటారు ఆపించాను. అప్పటికే ఆ ఇంటి నుయ్యే కాదు, పక్కింటి నుయ్యి కూడా ఉప్పయింది. ఇరవైమంది ఉన్న ఇల్లు. వాళ్ల అమ్మ, అమ్మమ్మ తాగిన నుయ్యి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దీవి రెండో కొసకి వెళ్లి మోసుకొస్తుంటే నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మళ్లీ మంచినీళ్లు వస్తాయో రావో చెప్పగలిగిన పుస్తకం నా దగ్గర లేదు.

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏంటండీ, నీళ్ల ఇంజనీరుగారు వెళ్లి నీళ్లు పాడుచేశారా?" అంది. తర్వాత నా గొంతు విని తగ్గింది. "ఆవిడకి చెప్పారా?"

"ఏం చెప్పాలి?"

"మీరేనని."

"చూద్దాంలే" అని పెట్టేశాను.

రిపోర్టు రాయాలి. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. సర్వీసంతా మచ్చలేదు, రిటైర్మెంటు ముందు ఒక ప్రమోషను రావాల్సి ఉంది. "పౌర్ణమి ఆటుపోట్ల ప్రభావం వల్ల ఉప్పునీరు చేరినది" అని టైపు చేశాను. ఎంత చక్కటి వాక్యమో చూడండి, అందులో మనిషే లేడు. దాని కింద ఇంటి యజమాని సంతకం కావాలి. తమ్ముడి దగ్గరికి పట్టుకెళ్తే, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా సంతకం చెల్లదు సార్. అప్పుడూ చెల్లలేదు. ఇది శుక్రవారం ఆస్తి."

ఆ రోజు తెలిసింది నాకు. ఆ దీవుల్లో ఆస్తి రెండురకాలు. సొంతంగా సంపాదించుకున్నది సోమవారం ఆస్తి, ఎవరిది వాళ్లది. తల్లినించి కూతుళ్లకి వచ్చే ఉమ్మడిది శుక్రవారం ఆస్తి. ఇల్లూ, నుయ్యీ, కొబ్బరిచెట్లూ ఆడవాళ్లవి. మగవాళ్లకి వాడుకునే హక్కే తప్ప తీసిచ్చే హక్కు లేదు. "అక్కనడగాలి" అని ఆయన మర్యాదకి అనలేదు. చట్టం చెప్పాడు. నేనేమో దాన్ని మన అరుగుల మీది మాటగా విన్నాను.

కాగితం పట్టుకుని వెళ్లేసరికి ఉమ్మ అరుగుమీద కొబ్బరితాడు పేనుతోంది. కాగితం తమ్ముడి చేతికిచ్చి చదవమంది. ఆయన నా వాక్యాన్ని చిన్నగొంతుతో వాళ్ల భాషలో చెబుతుంటే, నాకు ఆ భాష సగమే వచ్చినా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉమ్మ తాడు పక్కన పెట్టింది. కోప్పడలేదు. ఆవిడ అన్నది తమ్ముడు తర్జుమా చేయలేక తంటాలు పడ్డాడు.

"తప్పు సముద్రం మీద రాశావా బాబూ? దానికి సంతకం పెట్టడం రాదు కదా, అందుకనా?"

నా ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. మంత్రులు తిట్టారు, కాంట్రాక్టర్లు తిట్టారు. వాళ్లెవరి మాటకీ నా చెవులు అంత వేడెక్కలేదు. కాగితం వెనక్కి తిప్పి, అక్కడే అరుగుమీద కూర్చుని చేత్తో రాశాను. అనుమతి లేకుండా రెండడుగులు తవ్వించింది నేను, మోటారు ఎక్కువసేపు నడిపించింది నేను, హక్కున్న మనిషిని అడగకుండా లేనివారిచేత సంతకం పెట్టించింది నేను. తమ్ముడు చదివి చెప్పాడు. ఉమ్మ కలం తీసుకుని ఒక్కొక్క అక్షరమే తీరిగ్గా దిద్ది సంతకం చేసింది. చేశాక ఒక షరతు పెట్టింది.

"నుయ్యి బాగుపడేదాకా నీ పొద్దుటి టీ మా ఇంట్లో. ఈ నీళ్లతోనే."

మర్నాడే మొదలు. పాలు లేని టీ, పైన బెల్లం, లోపల ఉప్పు. మొదటి గుక్కకి నా మొహం చూసి ఇంట్లో పిల్లలు పగలబడి నవ్వారు. ఉమ్మ నవ్వలేదు, అదే నీళ్ల టీ తనూ తాగింది. విచారణకి ఓడలో ఒక అధికారి వచ్చాడు. ఆయనకీ అదే టీ ఇచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదన్నాడు. నాకొక మెమో వచ్చింది. ప్రమోషను ఆయనతోపాటే ఓడెక్కి వెళ్లిపోయింది. అయినా నుయ్యి బాగుచేయడానికి నేనడిగిన అనుమతులన్నీ ఆయన ఆ వారమే ఇప్పించాడు, అది మరవకూడదు.

మోటారు పీకించాం. తమ్ముడూ నేనూ దిగి, నేను తవ్వించిన రెండడుగులూ పగడపు గులకతో పూడ్చాం. బడి కప్పుమీది వాననీళ్లు పట్టడానికి ట్యాంకులు కట్టించాను, ఉమ్మ ఇంటి కప్పు నీళ్లు నూతి చుట్టూ ఇంకేలాగ చేశాను. మిగతాది వాన చెయ్యాలి. మేము టీ తాగుతూ ఎదురుచూడాలి.

ఆ టీ దగ్గర చాలా మాటలు జరిగాయి. ఒకరోజు మా గోదావరి ఎంత వెడల్పుంటుందని అడిగింది. వంతెన మీద రైలెక్కితే ఈ చివరినించి ఆ చివరికి చేరేసరికి నీ టీ చల్లారిపోతుందన్నాను. అంతా మంచినీళ్లేనా అంది. అంతా మంచినీళ్లే. ఎక్కడికి పోతాయి అంది. సముద్రంలోకి. ఉమ్మ కాసేపు నన్నే చూసి, "అంత మంచినీళ్లు సముద్రంలోకి వదిలేస్తారా?" అంది. నేను అబద్ధం చెబుతున్నాననే ఇప్పటికీ ఆవిడ అనుమానం.

ఒక వానాకాలం గడిచింది. మీటరు అంకె దిగింది, వేసవికి మళ్లీ కొంచెం ఎక్కింది. రెండో వానాకాలం మధ్యలో ఆగస్టు ఆఖరుకి నా ఉద్యోగం అయిపోయింది. వెళ్లేముందురోజు సాయంత్రం మీటరు ముంచాను. చాలా తగ్గింది కాని మంచినీళ్లు కాదు, ఇంకో ఏడాదైనా పడుతుంది. నా తప్పు సరిదిద్దకుండానే ఓడెక్కుతున్నానని ఆ పూట అన్నం సయించలేదు.

పొద్దున్న పెట్టె సర్దుకుని చివరి టీకి వెళ్లాను. ఉమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చి ఎదురుగా నిలబడింది. గుక్క తాగాను. ఉప్పు లేదు. చుక్కంత లేదు.

ఏడాదిన్నరగా రోజూ ఆ నూతి నీళ్లు తాగినవాణ్ని. అవి ఈ నీళ్లు కావని నాలుక్కి తగలగానే తెలిసిపోయింది. ఎవరో తెల్లవారకముందే లేచి ఆ కొసకి నడిచి బిందె మోసుకొచ్చారు. తమ్ముడు కొబ్బరిచెట్లవైపు చూస్తున్నాడు. "బాగుందా?" అని అడిగింది ఉమ్మ. "బాగుందమ్మా, నుయ్యి బాగుపడింది" అన్నాను. రిపోర్టులో అబద్ధం రాయనివ్వని ఆవిడే ఇప్పుడు నాచేత నోటితో అబద్ధం చెప్పించింది. గ్లాసు ఖాళీచేసి, దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా రేవుకి నడిచాను. ఓడ కదిలాక మాత్రం ఏడ్చాను, దాచడమెందుకు.

ఏడాది దాటాక, ఇక్కడ రాజమండ్రిలో పొద్దున్న పేపరు చదువుతుంటే ఫోన్లో తమ్ముడు తన గొంతు రికార్డు చేసి పంపిన మెసేజి వచ్చింది. వెనకాల చేద నీళ్లలో పడిన చప్పుడు. "సార్, అక్క అడగమంటోంది. ఆ రోజు టీ మా నూతిది కాదని మీకు తెలుసు కదా?" వెనకనించి ఉమ్మ మాట. దాన్ని ఆయన చెప్పాడు: "ఇవాళ తను తాగిన టీ మాత్రం మా నూతిదేనంట. ఈసారి రాసుకోమంటోంది, నుయ్యి బాగుపడిందని."

మూడుసార్లు విన్నాను. మా ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టి, నేను గుక్క తాగి అలా ఉండిపోవడం చూసి కంగారుపడింది.

"ఏంటండీ, పంచదార సరిపోలేదా?"

"పంచదార సరిపోయిందే" అన్నాను. "ఉప్పే లేదు."